పురుగుల ఇంటికి ఒక డబ్బా

మా అత్త పురుగుల ఇంట్లోకి అడుగు పెట్టాలంటే నేను ముందు రోజు నుంచే తయారుకావాలి. తలకు వాసన నూనె పెట్టకూడదు. పౌడరు, సెంటు మాట ఎత్తకూడదు. హోసూరు నుంచి వచ్చే బస్సులో పూలబుట్టల మధ్య నిలబడి వస్తాను కదా, ఆ వాసన చీరకు పట్టి ఉంటే అత్త గుమ్మంలోనే ఆపేస్తుంది. తన పాత చీర ఒకటి చేతికిచ్చి, "పో, మార్చుకోని రా" అంటుంది. కాళ్ళు కడుక్కుని, గడప ముందు పరిచిన సున్నపు పొడి తొక్కి, అప్పుడు లోపలికి. గుళ్ళో కూడా ఇంత మడి లేదని నేను ఎన్నోసార్లు వేళాకోళం చేశాను. అత్త ఒక్కసారీ నవ్వలేదు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. తళి దాటి రెండు మలుపులు దిగితే వచ్చే ఊళ్ళో వాళ్ళకు కొంచెం మల్బరీ తోట ఉంది. తోట చివర పొడవాటి షెడ్డు, అదే పురుగుల ఇల్లు. పట్టుపురుగులు. ఏడాదికి ఐదారు పంటలు తీస్తుంది అత్త. వాళ్ళకు పిల్లలు లేరు. మామ ఉన్నాడు, బంగారం లాంటి మనిషి, కానీ బీడీ మానలేడు. పొగాకు వాసన తగిలితే పట్టుపురుగు బతకదు. అందుకని పెళ్ళయిన నాటి నుంచీ మామకు ఆ గడప దాటే యోగం లేదు. మల్బరీ కొమ్మలు కోసి, మోపు గడప బయట దించి, ఒక కేక వేసి వెనక్కి వెళ్ళిపోతాడు. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూలికి వచ్చి ఆకు వేసి పోతారు. కానీ ఏ పూట ఆకు ఆపాలి, ఏ కిటికీ తెరవాలి, ఎప్పుడు కుంపటి పెట్టాలి అన్నది మాత్రం అత్త ఒక్కదానికే తెలుసు. లోపలికి వెళ్ళి గాలిలోకి కొంచెం చెంప తిప్పి నిలబడుతుంది. అంతే, తెలిసిపోతుంది.

ఇక నా పని సంగతి. నేను హోసూరులో ఒక చిన్న కంపెనీలో బోర్డులు చేస్తాను. ఫ్యాక్టరీల్లో గాలి కొట్టే కంప్రెసర్లకు, పెద్ద పెద్ద ఓవెన్లకు, ఇళ్ళలో గీజర్లకు, మిద్దె మీది నీళ్ళ ట్యాంకులకు పెట్టే బోర్డులు. ఒక్కొక్క దాని నడుమ బొటనవేలి గోరుకంటే కాస్త పెద్ద చిప్పు ఉంటుంది. దాన్ని మైక్రోకంట్రోలర్ అంటారు. లెక్కలు చేసేదీ అదే, వైఫై పట్టుకునేదీ అదే. పైన చిన్న రేకు మూత, మూత పక్కన మెలికలు తిరిగిన సన్నని రాగి గీత. అది ఏంటెన్నా. ఎవరో తొందరలో వేసి వదిలేసిన ముగ్గులా ఉంటుంది. ఆ గీతను చూస్తూ కూర్చుంటే నాకు పొద్దు తెలియదు. ఎక్కడో ఒక మూల యంత్రం వేడెక్కుతుంది, ఇంకెక్కడో టీ తాగుతున్న మనిషి జేబులో ఆ సంగతి తెలుస్తుంది. పదిహేనేళ్ళుగా ఇదే పని చేస్తున్నా నాకిది ఇప్పటికీ వింతే. పని మధ్యలో కిటికీ లోంచి చూస్తూ ఉండిపోతానని ఆఫీసులో నాకు చెడ్డ పేరు ఉంది. అది అబద్ధమేం కాదు.

అత్తకు కళ్ళు మసకబారుతున్నాయని నాకు ఒక ఆదివారం తెలిసింది. జబ్బు చేసిన పురుగులు పచ్చబడి, మెత్తబడి ఉంటాయి. వాటిని ఏరి సున్నపు డబ్బాలో వేయాలి. అత్త వాటిని కళ్ళతో ఏరడం లేదు. వేళ్ళతో తడిమి ఏరుతోంది. నేను దగ్గరికి వెళ్ళి ముఖంలోకి చూశాను. రెండు కళ్ళలోనూ నల్లగుడ్డు మీద పాలు కలిపిన నీళ్ళ రంగు. ఎడమ కంట్లో ఎక్కువ.

మరుసటి వారం బలవంతాన కృష్ణగిరి తీసుకుపోయాను. కంటి డాక్టరమ్మ దీపం వేసి చాలాసేపు చూసి, రెండు కళ్ళకూ ఆపరేషన్ చెయ్యాలని, ఆలస్యం చెయ్యొద్దని చెప్పింది. చేసిన తర్వాత ఒక నెల సున్నం, బ్లీచింగ్ పొడి దరిదాపులకు పోకూడదు, వంగి పని చెయ్యకూడదు అని కూడా చెప్పింది. అత్త బుద్ధిగా తల ఊపింది. బయటికి వచ్చి బస్సెక్కగానే, "ఈ పంట అయిపోనీ పాపా" అంది.

రెండు పంటల నడుమ ఖాళీ ఉంటుంది కదా, అప్పుడు పోవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. నాకూ తోచింది, అడిగాను. ఆ ఖాళీలోనే షెడ్డు కడగాలి, బ్లీచింగ్ కొట్టాలి, గోడలకు సున్నం వెయ్యాలి. అదయ్యేసరికి తోటలో ఆకు ముదురుతుంది. ఆకు ఎవరి కోసమూ ఆగదు. చిన్న పురుగులను పెంచి ఇచ్చే చాకీ సెంటరులో మన వంతు వచ్చేస్తుంది. ఎలా చూసినా నెల ఖాళీ దొరకదు. ఒక్క దారి ఉంది. పంట నడుమలో, పురుగులు చర్మం విడిచే ముందు నాలుగో నిద్రకు పోయేటప్పుడు అత్త బయలుదేరాలి. అక్కడి నుంచి గూళ్ళు కట్టేదాకా పది రోజులు. ఆ పది రోజులూ ఇంకొకరు చూసుకుంటే, తర్వాత కడిగే పని కూలివాళ్ళతో చేయిస్తే, నెల గడిచిపోతుంది. "ఆ పది దినాలు ఎవరు చూస్తారు? మీ మామా?" అని అత్త నవ్వింది.

బస్సు గురుబరపల్లి దాటుతోంది. కిటికీ పక్కన అత్త నిద్రపోతోంది. ఎండ ఆమె ముఖం మీద పడి పోతోంది, పడి పోతోంది. నా మనసులో అప్పటికే ఒక డబ్బా తయారవుతోంది. తెల్లటి డబ్బా. వేడి ఎంత, చెమ్మ ఎంత అని కొలిచేది. ఎక్కువైతే ఫ్యాను తనే వేసేది, తక్కువైతే నీటి తుంపర తనే కొట్టేది. పురుగుల ఇంటి ఊపిరి నా ఫోనులో కనిపిస్తుంది. అత్త చెంప చేసే పని నా చిప్పు చేస్తుంది. ఆలోచిస్తుంటే ఒళ్ళు తేలిపోయింది. సూళగిరి దగ్గర లారీల వరుసలో బస్సు అరగంట నిలబడిపోయినా నాకు విసుగు పుట్టలేదు. ఇల్లు చేరేసరికి మాట ఇచ్చేశాను. "అత్తా, ఆ పది రోజులూ చూసుకునే మనిషిని నేను చేసి తెస్తాను."

"మనిషిని చేస్తావా?" అంది అత్త, కళ్ళు చికిలించి.

చేయడానికి దాదాపు ఏడాది పట్టింది. మొదటి డబ్బా ప్రతి రెండు సెకన్లకూ ఒక కబురు పంపేది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు అన్నట్టు దానికి ఆగడం తెలియదు. అత్త ఇంట్లో పెట్టిన చిన్న వైఫై డాంగిల్ ఆ వరదకు ఉక్కిరిబిక్కిరై రోజుకు నాలుగుసార్లు పడిపోయేది. రెండో డబ్బాకు తెలివి నేర్పాను గానీ, పురుగుల మీద చల్లే సున్నపు పొడి దాని రంధ్రాల్లో చేరుతుందని ముందే ఊహించలేదు. ఆఫీసులో సున్నం చల్లి చూస్తే రెండు రోజుల్లో మూగబోయింది. మూడో దానికి సన్నని జాలీ పెట్టాను. కరెంటు పోయినా అంకెలు దాచుకుని, వచ్చాక ఒక్కసారిగా పంపేలా రాశాను. ఫోనులో చూసే పేజీ కూడా చేశాను, వేడికి ఎర్ర గీత, చెమ్మకు నీలి గీత. ఆ నీలిరంగు కుదరక మూడు వారాలు మార్చాను. ఆకాశం రంగు కాదు, నీళ్ళ రంగు కాదు, తెల్లవారుజామున తళి మంచులో ఉండే రంగు కావాలని నా పట్టు. ఇప్పుడు తలచుకుంటే ఆ మూడు వారాల మీద నాకే కోపం వస్తుంది.

ఆ ఏడాదిలో అత్త ఒక్కసారి కూడా, ఇంకా కాలేదా అని అడగలేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఎడమ కణత మీదుగా ఒక గుడ్డ బిగించి కట్టుకుని ఉండేది. తలనొప్పి అనేది. టీ తాగితే పోతుంది అనేది.

మూడో డబ్బా తీసుకుని వెళ్ళినరోజు ఒప్పందం కుదిరింది. మొదట కొన్ని రోజులు దానితో ఫ్యానూ తుంపరా కలపకూడదు. ఊరికే చూస్తూ ఉండాలి. అది చెప్పేది సరిగ్గా ఉందని అత్తకు నమ్మకం కుదిరితే, ఫ్యాను తగిలించి, ఈ పంట నాలుగో నిద్రనాటికే అత్త కృష్ణగిరి పోతుంది.

"నేనే తగిలిస్తాను లే. పురుగులు వచ్చి రెండు దినాలే అయింది, బయట నుంచి వచ్చినోళ్ళు ఇప్పుడు లోపలికి పోగూడదు" అంది.

"గోడకి ఆనించొద్దు అత్తా. నీ తలెత్తున, గాలి ఆడే చోట."

"తెలుసు లే. మేకు కొట్టేది కూడా నువ్వే నేర్పిస్తావా నాకు?"

అలా డబ్బా ఆమె చేతిలో పెట్టి నేను హోసూరు వచ్చేశాను.

ఆ తర్వాతి రోజులు నా జీవితంలో చాలా మెత్తటి రోజులు. చలికాలం. పొద్దున ఆఫీసుకు పోయే బస్సులో ఫోను తెరిస్తే రెండు గీతలూ పక్కపక్కనే నడుస్తూ కనిపించేవి. తెల్లవారాక ఎర్ర గీత మెల్లగా లేచేది, దాని వెనకే నీలి గీత. అదిగో, అత్త కుంపటి పెట్టింది, పురుగులు కళ్ళు తెరిచాయి అనుకునేదాన్ని. సాయంత్రం మళ్ళీ ఒకసారి లేచేవి. ఆకు వేస్తున్నారన్నమాట. మధ్యాహ్నం రెండు గీతలూ చదునుగా పడుకునేవి. ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో హారన్లు మోగుతుంటే నేను ఆ చదును గీత మీద నడుచుకుంటూ మల్బరీ తోట దాటి, సున్నం తొక్కి, ఆ చీకటి గదిలోకి వెళ్ళిపోయేదాన్ని. ఆఫీసులో పిలిస్తే పలికేదాన్ని కాదు.

డాంగిల్ ఇంట్లో ఉంది, షెడ్డు తోట చివర ఉంది. అంత దూరంలో సిగ్నల్ బలహీనంగా ఉంటుందనుకున్నాను. అది ఎదురుగా కూర్చున్నంత బలంగా వస్తోంది. మన ఏంటెన్నా పనితనం అలాంటిది మరి అని పక్క సీటు వాళ్ళను పిలిచి చూపించుకున్నాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఊరికే అన్నారా?

రోజూ సాయంత్రం అత్తకు ఫోను చేసేదాన్ని. "అత్తా, ఈ పూట గాలి చాలా బాగుంది, నీ పురుగులు హాయిగా తింటున్నాయి" అనేదాన్ని. ఒకరోజు, "మూడో నిద్ర నుంచి లేచినట్టున్నాయి కదా" అని కూడా అన్నాను, గీత కాస్త చురుగ్గా కనిపిస్తే.

"అట్లనా" అనేది అత్త. అంతకు మించి ఏమీ అనేది కాదు.

నాలుగో నిద్ర దగ్గర పడుతోందని లెక్క వేసుకుని, ఫ్యాను తగిలించే సామాను సంచిలో పెట్టుకుని ఒక ఉదయం వెళ్ళాను. చీర మార్చుకుని, కాళ్ళు కడుక్కుని పురుగుల ఇంట్లోకి పోయాను. తలెత్తున ఉన్న మేకులన్నీ చూశాను. ఒక మేకుకు గంప, ఒక మేకుకు కొడవలి. డబ్బా లేదు. ఫోను తీసి చూస్తే అప్పుడే ఒక కబురు వచ్చింది, ఇరవై అయిదు డిగ్రీలు అని. నేను నిలబడిన చోట అంతకంటే చల్లగా ఉంది.

వంటింట్లో అత్త రాగిసంగటి కెలుకుతోంది. ఆమె తల వెనక, ఉప్పు జాడీ పైన, కొత్త మేకుకు నా తెల్ల డబ్బా వేలాడుతోంది. పచ్చ దీపం మిణుకుమంటోంది.

"ఇదేమిటత్తా, ఇది ఈడుంది?" నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"ఈడనే కదా పెట్టినాను."

"వారం రోజులుగా ఇక్కడే ఉందా?"

"ఊ. కొత్త కోడల్ని తెచ్చిన దినమే పురుగులింట్లోకి పంపిస్తామా? పొయ్యి కాడ నాలుగు దినాలు పెట్టి చూస్తాం. ఇది ఎట్ల చెప్తుందో చూద్దామని పెట్టినాను."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఏడాది పని అన్నాను. ఎగతాళి చేశావన్నాను. నీకు మంచి చేయబోతే ఇట్లాగే ఉంటుందన్నాను. అది నమ్ముకుని రోజూ నీకు ఫోను చేశానే, ఒక్కసారి చెప్పలేదే, పిచ్చిదాన్ని చేశావే అన్నాను. అత్త సంగటి కెలకడం ఆపలేదు. నా మాటలన్నీ అయిపోయేదాకా ఆగి, అప్పుడు తిరిగింది.

"అది మంచిదే పాపా. అబద్ధం చెప్పలేదు. నేను నీళ్ళు కాగబెడితే కాగిందని చెప్పింది. పొయ్యి ఆర్పితే ఆరిందని చెప్పింది. పురుగులు బాగున్నాయని మాత్రం అది చెప్పలేదు. చెప్పింది నువ్వు. నిద్ర లేచినాయి అన్నావే ఆ దినం, అప్పుడే అవి నిద్రకి పోతా ఉన్నాయి."

నేను గడప మీద కూర్చుండిపోయాను. ఆ పొద్దుటి గీతలన్నీ, తెల్లవారి లేచి సాయంత్రం లేచి మధ్యాహ్నం పడుకున్నవన్నీ, మామ స్నానానికి కాగిన నీళ్ళు, సాయంత్రపు అన్నం, మధ్యాహ్నం ఆరిన పొయ్యి. బస్సులో కళ్ళు మూసుకుని నేను తిరిగిన చీకటి గది ఈ వంటిల్లు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఏ ఫ్యాక్టరీలోనైనా కొత్తగా చేరినవాళ్ళు ఈ తప్పు చేస్తే నేను గంటసేపు పాఠం చెప్పేదాన్ని. సెన్సరు ఎక్కడ ఉందో కళ్ళతో చూడకుండా అంకెను నమ్మొద్దని.

అత్త సంగటి దించి, ఉప్పు కోసం చెయ్యి చాచింది. జాడీ ఒక జానెడు ఎడమన ఉంది. చెయ్యి ఖాళీ గోడను తడిమింది, మళ్ళీ తడిమింది. లోటా ఒకటి కింద పడి దొర్లింది. అప్పుడు తల పూర్తిగా పక్కకు తిప్పి, కుడి కంటితో వెతుక్కుని జాడీ అందుకుంది.

"ఎడమ కంటికి ఎంత కనబడుతుందత్తా?"

"వెలుతురుంటే తెలుస్తుంది."

"మనుషులు?"

అత్త ఉప్పు వేసి మూత పెట్టింది.

"పది రోజులు నేనుంటాను. నువ్వు రేపే పో" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోటి నుంచి వచ్చేసింది.

"నువ్వా? నీ ఆపీసు?"

"అది నేను చూసుకుంటాను."

మల్బరీ తోటలోకి వెళ్ళి ఆఫీసుకు ఫోను చేసి వచ్చాను. అప్పటికి అత్త డబ్బాను మేకు నుంచి తీసి కొంగుతో తుడుస్తోంది. "ఇది కూడా ఉండనీ. నీకు తోడు" అంది.

ఆ సాయంత్రం వరకూ నాకు పాఠం చెప్పింది. అంతకు ముందు ఎన్నిసార్లు వచ్చానో ఆ గదిలోకి. ఒక్కసారీ నేర్చుకుందామని రాలేదు. చెంప ఎటు తిప్పాలో చూపించింది. అరచెయ్యి కాదు, చేతి వెనక భాగం ఆకు మీద ఆనించాలి. "చల్లగా ఉంటే సరే. తడిగా ఉంటే కాదు. చల్లదనం వేరే, తడి వేరే." పురుగు మెడ ఎత్తి కదలకుండా నిలబడితే నిద్రకు పోయినట్టు. నూటికి తొంభై నిలబడేదాకా ఆకు కొంచెం కొంచెం తగ్గించాలి, ఆ తర్వాత పూర్తిగా ఆపాలి. తొందరపడి ఆపితే వెనకబడినవి ఆకలితో చస్తాయి, ఆలస్యం చేస్తే ముందు పడుకున్నవి ఆకు కింద ఊపిరాడక చస్తాయి. "ఎట్ల తెలుస్తుందత్తా ఇదీ సమయమని?" అని అడిగితే, "చూస్తా ఉండు, తెలుస్తుంది" అంది. ఆమె మాత్రం చూడటం లేదు. తట్టల మీద వేళ్ళు ఆడిస్తూ చెబుతోంది.

మర్నాడు పొద్దున్నే అత్తా మామా బస్సెక్కారు. మంచు తోటను కమ్మేసి ఉంది. మామ చేతిలో గొడుగు, అత్త చేతిలో సంచి. పది అడుగులు పోయాక వాళ్ళు కనిపించలేదు, మాటలు మాత్రం వినిపించాయి.

ఆ రోజు మధ్యాహ్నానికి పురుగులు ఒక్కొక్కటే మెడలెత్తాయి. కూలికి వచ్చిన ఆడవాళ్ళు గుసగుసగా మాట్లాడి, ఆకు పలచగా వేసి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయారు. నేను సున్నం పలచగా చల్లి, ఒక తిరగేసిన గంప మీద కూర్చున్నాను. అంతవరకూ ఆ గదిలో ఎప్పుడూ ఆగకుండా ఉండే నమలే చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పోయి, ఒక క్షణాన పూర్తిగా ఆగింది. అన్ని వేల ప్రాణులు తల పైకెత్తి, ఏదో చెబితే వినడానికన్నట్టు, కదలకుండా నిలబడ్డాయి. పై కిటికీ నుంచి వచ్చే వెలుతురులో సున్నపు ధూళి తేలుతోంది. నేను ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. నాకు నా పేరు కూడా గుర్తుండనంత నిశ్శబ్దం అది. ఫోనులో చూసిన నీలి గీత గుర్తుకొచ్చింది. ఎంత మార్చినా కుదరని రంగు. ఆ గదిలో ఏ రంగూ లేదు, వట్టి పాలిపోయిన పగటి వెలుతురు.

సాయంకాలం మంచు మళ్ళీ దిగింది. పురుగుల ఇంట్లో మేకుకు తగిలించిన డబ్బా, చెమ్మ నూటికి ఎనభై దాటిందని చెప్పింది. నేను లేచి, ఫోను పక్కన పెట్టి, చెంప తిప్పి నిలబడ్డాను. మొదట ఏమీ తెలియలేదు. తర్వాత తెలిసింది, చల్లగా కాదు, తడిగా ఉందని. గాలి చెంపకు అంటుకుంటోంది. మంచు వచ్చే వైపు కిటికీలు మూసి, అవతలి వైపువి తెరిచి, మూలన కుంపటి పెట్టాను. గంటకు చెంప ఆరింది. డబ్బా కూడా అదే మాట చెప్పింది. ఇద్దరం ఒకే మాట మీద ఉన్నందుకు నాకు చిన్నపిల్లలా సంతోషం వేసింది. ఆ సంతోషంలోనే అత్తకు ఫోను చేద్దామనుకుని, ఆపరేషన్ ముందు ఎందుకులే అని ఊరుకున్నాను.

మర్నాడు పురుగులు పాత చర్మం విడిచి లేచాయి. ఆకలితో ఉన్నాయి. మొదటి కొమ్మలు పరచగానే ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకా పెద్దగా. ఆడవాళ్ళు నా వైపు చూసి, "మీ అత్త చేయి వచ్చేసింది నీకు" అన్నారు. గర్వంతో నేను నేల మీద లేను.

ఆ మధ్యాహ్నం మామ ఫోను చేశాడు. మామ ఫోనులో గట్టిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా మాట్లాడతాడు.

"కుడి కన్ను చేసినారమ్మా. బాగైందంట. రేపు కట్టు విప్పుతారు."

"ఎడమది ఎప్పుడంట మామా?"

"దానికి చెయ్యరంట."

"ఎందుకు?"

"పొర ముదిరి ముదిరి లోపల ఒత్తిడి పెరిగిపోయిందంట. నరం చచ్చిపోయిందంటమ్మా. పొర తీసినా ఆ కంటికి చూపు రాదంట. తలనొప్పి రాలేదా అని అడిగింది డాక్టరమ్మ. వచ్చిందమ్మా, శానా వచ్చింది అన్నాను. ఆర్నెల్ల ముందు తోడుకొని వచ్చుంటే రెండూ నిలబెట్టేదాన్నే అని తిట్టింది నన్ను."

"అత్త ఏమంది?"

"ఏమనేది? పురుగులు లేచినాయా కనుక్కో అనింది."

లేచాయని చెప్పి ఫోను పెట్టేశాను. తోట గట్టు మీద కూర్చున్నాను. ఆర్నెల్ల ముందు నేనేం చేస్తున్నానో నాకు బాగా గుర్తుంది. జాలీ కోసం బెంగళూరు బజారుల్లో తిరుగుతున్నాను. ఆ తర్వాత ఆ నీలి రంగు. ఆ రోజుల్లో అత్త గుడ్డ బిగించి కట్టుకుని టీ తాగుతోంది. పది రోజులు ఒక మనిషి కావాలని ఆమె మొదటి రోజే బస్సులో చెప్పింది. బీడీ తాగని మనిషి, కాళ్ళు కడుక్కుని లోపలికి రాగల మనిషి ఎవరైనా చాలు. ఆ మనిషి ఆమె పక్కనే కూర్చుని ఉంది. ఆ మనిషికి మాత్రం తాను గుర్తు రాలేదు, చిప్పు గుర్తొచ్చింది. నేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను. కూలివాళ్ళు చూస్తున్నారని కూడా పట్టించుకోలేదు. తర్వాత ఆకు వేసే వేళయిందని లేచి, ముఖం కడుక్కుని, కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాను.

అత్త నాలుగో రోజు వచ్చింది. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మామ చెయ్యి పట్టుకుని. పురుగుల ఇంటి గడప అవతలే కుర్చీ వేసి కూర్చోబెట్టాం. లోపలికి రాకూడదు కదా. రోజూ అక్కడే కూర్చుని, నేను తెచ్చి చూపించిన పురుగును కుడి కంటి దగ్గరగా పెట్టుకుని చూసేది. "అబ్బా, ఎంత తెల్లగా ఉన్నాయే ఇవి" అని మొదటి రోజు తనలో తనే అనుకుంది. ఎడమ కంటి సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తాలని ప్రతి పూటా అనుకునేదాన్ని.

పదో రోజుకు పురుగులు పండి, చంద్రికలనే వెదురు తడికల మీదికి ఎక్కి గూళ్ళు కట్టడం మొదలుపెట్టాయి. ఒక్కొక్కటీ తల ఆడిస్తూ, తన చుట్టూ తానే కనిపించీ కనిపించని దారం చుట్టుకుంటోంది. నేను సంచి సర్దుకుని గడప దగ్గరికి వచ్చాను. అత్త ముఖం తిప్పి, కుడి కన్నుతో నన్ను చాలాసేపు చూసింది.

"బాగా పెంచినావు" అంది. తర్వాత, "పది దినాలు లీవు ఇచ్చినారా పాపా మీ ఆపీసోళ్ళు?"

"ఇచ్చినారత్తా."

"శానా బతిమాలినావా?"

అవునని చెప్పేస్తే సరిపోయేది. నోరు తెరిచాను కూడా. ఆ ఒక్క కన్ను నా మీదే ఉంది.

"లేదత్తా. అడగ్గానే ఇచ్చినారు."

లోపల చంద్రికల మీద పురుగులు కదిలే సన్నని చప్పుడు వినిపిస్తోంది. అత్త చెయ్యి చాచి, నా చెయ్యి ఉన్న చోటు కాక కొంచెం ఎడమన వెతికి, తర్వాత పట్టుకుంది.

"నేను కూడా నిన్ను అడగలేదు కదమ్మా" అంది.